కౌంటీలో ఫోస్టర్ కేర్ పిల్లలు పెరిగితే అక్కడ డ్రగ్స్ సమస్య పెరిగినట్టేనా?

మీరు అడిగింది ఇది: అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పబ్లిక్ హెల్త్ చదువుతున్నారు. ప్రాజెక్టు కోసం అక్కడి 88 కౌంటీలను (మన జిల్లాల్లాంటివి) మాదకద్రవ్యాల ముప్పును బట్టి వరుసలో పెట్టాలి. ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఎంతమంది ఫోస్టర్ కేర్‌లో (ఇంట్లో భద్రత లేని పిల్లల్ని తాత్కాలికంగా వేరే చోట ఉంచే ఏర్పాటు) ఉన్నారన్న లెక్క తేలిగ్గా దొరికింది. దాన్నే ప్రధాన సూచికగా తీసుకోవచ్చా? మీ సొంత జిల్లా గుంటూరుకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుందా?

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ ఒక్క లెక్కతో కౌంటీలకు ర్యాంకులు ఇవ్వకండి. పక్కన మరో మూడు నాలుగు లెక్కలు పెట్టుకుని చదివితే మాత్రం అది చాలా విలువైన సూచిక. అప్పుడు కూడా "ఇప్పుడు కేర్‌లో ఉన్న పిల్లలు" అన్న సంఖ్య వద్దు, "ఈ ఏడాది కొత్తగా కేర్‌లోకి వచ్చిన పిల్లలు" అన్న సంఖ్య తీసుకోండి. గుంటూరుకు ఈ పద్ధతి పనికిరాదు. కారణం కింద చెబుతాను.

నేను ఈ రాష్ట్రంలో మొదట పిల్లల సంరక్షణ ఏజెన్సీకి డేటా పని చేశాను. తర్వాత డ్రగ్స్ నివారణ ప్రణాళికల వైపు వచ్చాను. అంటే ఈ లెక్కను తయారుచేసే చోటా పనిచేశాను, వాడుకునే చోటా పనిచేశాను. ఈ రెండు చోట్లా ఒకే అంకెకు రెండు వేరే అర్థాలు ఉండటం చూశాను కాబట్టే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

తెలుగులో "పెంపకం" అనగానే మనకు దత్తత గుర్తొస్తుంది. ఫోస్టర్ కేర్ దత్తత కాదు. ఇంట్లో బిడ్డకు భద్రత లేదని ఏజెన్సీ భావిస్తే, కోర్టు ఒప్పుకుంటే, బిడ్డను తాత్కాలికంగా వేరే కుటుంబంలోనో, బంధువుల ఇంట్లోనో, హోమ్‌లోనో ఉంచుతారు. తల్లిదండ్రులు కోలుకుంటే తిరిగి పంపించాలన్నదే మొదటి లక్ష్యం. ఈ నిర్వచనంలోనే అసలు విషయం ఉంది. ఫోస్టర్ కేర్ రేటు ఎంతమంది తల్లిదండ్రులు డ్రగ్స్ వాడుతున్నారో కొలవదు. ఎవరో ఫిర్యాదు చేసి, ఒక కేస్‌వర్కర్ తలుపు తట్టి, ఒక జడ్జి సంతకం పెట్టిన సందర్భాలు ఎన్నో అది లెక్కపెడుతుంది. ఆ మూడింటిలో ఏది మారినా అంకె మారుతుంది, ఊళ్లో డ్రగ్స్ వాడకం ఒక్క చుక్క మారకపోయినా సరే.

అలాగని సంబంధం లేదనుకోకండి. ఉంది, గట్టిగానే ఉంది. అమెరికాలో 1980ల మధ్యలో ఫోస్టర్ కేర్‌లో సుమారు 2.8 లక్షల మంది పిల్లలు ఉండేవారు. క్రాక్ (పొగలా పీల్చే చవక రకం కొకైన్) నగరాలను ముంచెత్తిన తర్వాత, 1990 నాటికి ఆ సంఖ్య 4 లక్షలకు చేరింది. మళ్లీ ఓపియాయిడ్ల (హెరాయిన్ లాంటి నల్లమందు తరహా మందులు) కాలంలో, 2012లో సుమారు 3.97 లక్షలున్నది 2017కల్లా 4.4 లక్షల దాకా వెళ్లింది. ఫెడరల్ ఆరోగ్య శాఖ పరిశోధకులు 2018లో దేశవ్యాప్తంగా కౌంటీలను పోల్చి చూశారు. ఓవర్‌డోస్ మరణాల రేటు 10 శాతం ఎక్కువ ఉన్నచోట ఫోస్టర్ కేర్‌లోకి వచ్చే పిల్లల రేటు 4.4 శాతం ఎక్కువగా ఉంది. డ్రగ్స్ వల్ల ఆసుపత్రిలో చేరికలు 10 శాతం ఎక్కువ ఉన్నచోట అది 3.3 శాతం ఎక్కువ. మీ రిపోర్టులో ఈ అధ్యయనాన్ని తప్పకుండా వాడండి. అయితే అక్కడ కొలిచింది కొత్తగా వచ్చిన పిల్లలను అన్నది గమనించండి.

ఉన్నవాళ్ల లెక్క ఎందుకు వద్దంటున్నానంటే, అది చెరువులో నీటిమట్టం లాంటిది. వాన ఎంత పడిందన్నది ఒక్కటే కాదు, తూము తెరిచి ఉందా మూసి ఉందా అన్నది కూడా దాన్ని నిర్ణయిస్తుంది. క్రాక్ ఉధృతి 1990ల్లో తగ్గుముఖం పట్టినా దేశంలో ఫోస్టర్ కేర్ పిల్లల సంఖ్య పెరుగుతూనే పోయి 1999లో 5.67 లక్షలు అయింది. వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోవడం అందుకు పెద్ద కారణం. ఆ పరిస్థితి వల్లే 1997లో కొత్త చట్టం తెచ్చారు. దాని ప్రకారం గత 22 నెలల్లో 15 నెలలు కేర్‌లో ఉన్న బిడ్డ విషయంలో, కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల హక్కుల రద్దుకు ఏజెన్సీ పిటిషన్ వేయాలి. మీకు దొరికిన సెప్టెంబర్ 30 నాటి లెక్క (ఫెడరల్ ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజు) సరిగ్గా ఈ నీటిమట్టమే. ఇద్దరు పిల్లలు ఒకే రోజు వచ్చి, ఒకరు మూడు నెలల్లో ఇంటికి వెళ్లిపోయి, రెండోవారు మూడేళ్లు ఉంటే, ఆ రెండోవారు మీ లెక్కలో మూడుసార్లు కనిపించవచ్చు. మొదటివారు ఒక్కసారి కూడా కనిపించకపోవచ్చు.

ఇప్పుడు ఈ సంబంధం తెగిపోయిన కాలం గురించి. మీ ప్రాజెక్టుకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం అనుకుంటున్నాను. 2017 తర్వాత దేశంలో ఫోస్టర్ కేర్ సంఖ్య ఏటా తగ్గుతూ వచ్చింది. 2021లో 3.91 లక్షలు, 2023లో 3.43 లక్షలు. అదే సమయంలో ఓవర్‌డోస్ మరణాలు 2019లో 70,630 నుంచి 2021లో 1,06,699కి పెరిగాయి. మీ సూచికను నమ్మితే ఆ రెండేళ్లలో డ్రగ్స్ సమస్య తగ్గిందని రాయాల్సి వచ్చేది. నిజానికి ఫెంటనిల్ (అతి శక్తిమంతమైన ఓపియాయిడ్) మనుషులను చంపుతున్న వేగం అప్పుడే శిఖరం వైపు వెళ్తోంది.

ఎందుకిలా జరిగిందంటే నాకు కనిపించిన కారణాలు కొన్ని ఉన్నాయి. 2018లో వచ్చిన ఫ్యామిలీ ఫస్ట్ చట్టం, పిల్లల్ని తీసుకుపోకుండానే తల్లిదండ్రులకు చికిత్స ఇప్పించడానికి ఫెడరల్ డబ్బు వాడుకునే వీలిచ్చింది. ఒహాయోలో 2017లో మొదలైన ఒహాయో స్టార్ట్ కార్యక్రమంలో కేస్‌వర్కర్‌తో పాటు, తాను కూడా వ్యసనం నుంచి బయటపడిన వ్యక్తి ఒకరు వ్యసనంలో ఉన్న తల్లి లేదా తండ్రి వెంట నడుస్తారు. కోవిడ్ వచ్చినప్పుడు బడులు మూతపడ్డాయి. పిల్లల గురించి ఫిర్యాదు చేయాల్సిన చట్టపరమైన బాధ్యత ఉన్నవాళ్లలో టీచర్లు చాలా ముఖ్యమైనవాళ్లు. వాళ్ల కళ్లు పిల్లల మీద లేకపోయేసరికి ఫోన్లు తగ్గాయి. ఇక చెప్పడానికి బాధగా ఉన్న కారణం ఇంకొకటి ఉంది. ఫెంటనిల్ వచ్చాక చాలామంది తల్లిదండ్రులు ఏజెన్సీ దృష్టికి రాకముందే చనిపోయారు. 2011 నుంచి 2021 మధ్య అమెరికాలో 3.2 లక్షల మందికి పైగా పిల్లలు తల్లినో తండ్రినో ఓవర్‌డోస్‌కు పోగొట్టుకున్నారని 2024లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. వాళ్లలో చాలామంది నేరుగా అమ్మమ్మ ఇంటికో మేనత్త ఇంటికో వెళ్లిపోతారు. కేర్ రికార్డులో వాళ్ల పేరు ఉండదు.

అమ్మమ్మల సంగతి ఇంకాస్త చెప్పాలి. నేను పనిచేసిన ఒక గ్రామీణ కౌంటీలో వరసగా మూడేళ్లు ఓవర్‌డోస్ మరణాలు పెరిగాయి, ఫోస్టర్ కేర్‌లోకి వచ్చేవాళ్లు తగ్గారు. నివారణ కమిటీలో కూర్చున్నవాళ్లు "పిల్లల వరకు పరిస్థితి మెరుగ్గానే ఉంది" అన్నారు. నాకు నమ్మకం కుదరక ఏజెన్సీలో పాత పరిచయస్తురాలిని అడిగాను. అక్కడ కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్, బిడ్డను ఏజెన్సీ కస్టడీలోకి తీసుకోకుండా, వీలైన ప్రతి కేసులో కోర్టు ద్వారా నేరుగా బంధువులకే లీగల్ కస్టడీ ఇప్పిస్తున్నారు. పిల్లలకు అది చాలాసార్లు మంచిదే. తెలిసిన ఇల్లు, తెలిసిన వంట, తెలిసిన మనుషులు. కానీ డేటాలో వాళ్లు మాయమైపోయారు. ఫోస్టర్ కుటుంబానికి వచ్చే నెల భత్యం కూడా ఆ అమ్మమ్మలకు రాలేదు. అరవై దాటిన ఒకావిడ రాత్రి షిఫ్టు చేసి వచ్చి ముగ్గురు మనవళ్లను బడికి తయారుచేసేది. మా పటం మీద మాత్రం ఆ కౌంటీ, ముప్పు తక్కువ అన్నట్టు ఆకుపచ్చగా ఉండేది.

అందుకే తాతమామ్మల లెక్కను పక్కన పెట్టుకోండి. సెన్సస్ బ్యూరో ఏటా చేసే అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో, ఇంట్లో ఉన్న మనవళ్ల ప్రధాన బాధ్యత తాతమామ్మలదేనా అన్న ప్రశ్న ఉంటుంది. కౌంటీ స్థాయిలో అయిదేళ్ల సగటు దొరుకుతుంది. ఫోస్టర్ రేటు తక్కువగా, తాతమామ్మల బాధ్యత ఎక్కువగా ఉన్న కౌంటీ కనిపిస్తే దాని మీద ప్రత్యేకంగా ఆగి చూడండి.

ఒహాయోకే చెందిన మరో చిక్కు ఉంది. ఇక్కడ పిల్లల సంరక్షణను రాష్ట్రం కాదు, కౌంటీలే నడుపుతాయి. కొన్ని కౌంటీల్లో దానికోసం ప్రత్యేకంగా ఆస్తి పన్ను ఉంటుంది, దాన్ని ఇక్కడ లెవీ అంటారు, ఓటర్లు ఆమోదించాలి. మరికొన్నింట్లో అది లేదు. లెవీ ఓడిపోయిన చోట కేస్‌వర్కర్లు తగ్గుతారు, ఒక్కొక్కరి మీద కేసులు పెరుగుతాయి, మరీ ప్రమాదకరమైన కేసుల్లో తప్ప పిల్లల్ని తీసుకురాలేరు. పక్కపక్కనే ఉన్న రెండు కౌంటీల్లో ఒకదాని రేటు రెండో దానికి రెట్టింపు ఉంటే, డ్రగ్స్ కన్నా ముందు వాళ్ల సిబ్బంది సంఖ్య కనుక్కోండి.

తర్వాత "కారణం" అన్న గడి. బిడ్డను తీసుకొచ్చినప్పుడు ఎందుకు తెచ్చారో కేస్‌వర్కర్ నమోదు చేస్తారు. ఒకటి కన్నా ఎక్కువ కారణాలు టిక్ చేయవచ్చు. తల్లిదండ్రుల డ్రగ్స్ వాడకం, తల్లిదండ్రుల మద్యం, నిర్లక్ష్యం, ఇల్లు లేకపోవడం ఇలా. దేశం మొత్తం మీద తల్లిదండ్రుల మద్యం లేదా డ్రగ్స్ కారణంగా చూపించిన కేసులు 2000లో సుమారు 18.5 శాతం. 2010ల చివరికి అవి మూడో వంతు దాటాయి. అందులో కొంత నిజమైన పెరుగుదల, కొంత రాయడం మెరుగుపడటం. కొన్ని రాష్ట్రాల్లో ఈ శాతం పదో వంతు కూడా ఉండదు, మరికొన్నింట్లో సగం దాటుతుంది. ఆ రాష్ట్రాల ప్రజల మధ్య అంత తేడా ఉండదు, ఫారం నింపే అలవాట్ల మధ్య ఉంటుంది. ఒకసారి నేను, ఇద్దరు కేస్‌వర్కర్లు కూర్చుని పాత ఫైళ్లు చదివాం. నోట్సులో "తల్లి బాత్రూంలో స్పృహ లేకుండా పడి ఉంది, పక్కన సిరంజి" అని ఉంటుంది. గడిలో మాత్రం "నిర్లక్ష్యం" ఒక్కటే టిక్ చేసి ఉంటుంది. ఇలాంటివి ఒకటి రెండు కాదు. ఎందుకని అడిగితే, కోర్టులో నిర్లక్ష్యం నిరూపించడం తేలిక, డ్రగ్స్ అని రాస్తే పరీక్ష రిపోర్టు చూపించాలి అన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. వాళ్ల పని బిడ్డను కాపాడటం, నా స్ప్రెడ్‌షీట్ నింపడం కాదు.

కాబట్టి ఆ కారణం గడి దొరికితే వాడండి, కానీ అది కనీస సంఖ్య అని రాయండి. అది ఒకే కౌంటీలో ఏళ్ల మధ్య పోలికకు బాగా పనికొస్తుంది, కౌంటీల మధ్య పోలికకు అంతగా పనికిరాదు.

చిన్న కౌంటీల విషయంలో జాగ్రత్త. ఉదాహరణకు ఒక కౌంటీలో 6,000 మంది పిల్లలు ఉన్నారనుకోండి. ఒక ఏడాది 18 మంది కేర్‌లోకి వచ్చారు, అంటే వెయ్యికి 3. మరుసటి ఏడాది 27 మంది, వెయ్యికి 4.5. గ్రాఫులో 50 శాతం పెరుగుదల! ఆ అదనపు తొమ్మిది మంది ఎవరని చూస్తే ఒక ఇంట్లో అయిదుగురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఇంకో ఇంట్లో నలుగురు. అంటే మారింది రెండు కుటుంబాల కథ. నేను కొత్తలో ఇలాంటి పెరుగుదల చూసి హడావిడిగా రిపోర్టు పంపాను, దాని మీద ఒక మీటింగ్ కూడా జరిగింది. ఆ తర్వాత మూడేళ్లు కలిపి సగటు తీయనిదే ఏ చిన్న కౌంటీ గురించీ మాట్లాడలేదు. వీలైతే పిల్లల సంఖ్యతో పాటు కుటుంబాల సంఖ్య కూడా అడగండి. అడిగితే చాలా ఏజెన్సీలు ఇస్తాయి.

మీ స్థానంలో నేనుంటే ఏం చేస్తానో చెబుతాను. కొత్తగా కేర్‌లోకి వచ్చినవాళ్లను 18 ఏళ్ల లోపు పిల్లల ప్రతి వెయ్యికి లెక్కగట్టి, మూడేళ్ల సగటు తీస్తాను. అందులోంచి ఏడాది లోపు పసిపిల్లలను విడిగా తీస్తాను. నా అనుభవంలో డ్రగ్స్‌తో అన్నిటికన్నా దగ్గరగా నడిచేది ఈ అంకే. కారణం సూటిగా ఉంది: ఆసుపత్రిలో కాన్పు దగ్గర విషయం బయటపడుతుంది, టీచర్ చూడాల్సిన అవసరం లేదు. దాని పక్కన ఓవర్‌డోస్ మరణాలు, అంబులెన్స్ సిబ్బంది నలాక్సోన్ (ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కు విరుగుడు మందు) ఇచ్చిన సందర్భాలు, ఆసుపత్రి చేరికలు, తాతమామ్మల లెక్క పెడతాను. ఇవన్నీ ఒకే వైపు చూపిస్తే ధైర్యంగా రాస్తాను. ఒకటి ఎదురు తిరిగితే ఆ కౌంటీకి ఫోన్ చేస్తాను. కంప్యూటర్ ముందు రెండు రోజులు తల పట్టుకున్నా దొరకని జవాబు అక్కడి సూపర్‌వైజర్ పది నిమిషాల్లో చెప్పిన రోజులు చాలా ఉన్నాయి.

పసిపిల్లల లెక్కలో కూడా ఒక మెలిక ఉంది. వ్యసనం నుంచి బయటపడటానికి డాక్టరు పర్యవేక్షణలో మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ తీసుకుంటున్న తల్లికి పుట్టిన బిడ్డలో కూడా కొన్ని రోజులు విత్‌డ్రాయల్ లక్షణాలు (అలవాటైన మందు ఆగినప్పుడు వచ్చే ఇబ్బందులు) కనిపించవచ్చు. ఆ తల్లి చేయాల్సిన పని చేస్తోంది. ఆసుపత్రి లెక్కలో మాత్రం వాడకం ఆపని తల్లి పక్కనే ఆమె కూడా చేరుతుంది. చికిత్సా కేంద్రాలు కొత్తగా తెరిచిన కౌంటీలో ఈ అంకె పెరిగితే భయపడే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఈ సూచిక ఎప్పుడూ వెనకబడి ఉంటుంది. డేటన్ ఉన్న మాంట్‌గోమరీ కౌంటీలో 2017లో 566 మంది ఓవర్‌డోస్‌తో చనిపోయారు. మరుసటి ఏడాది మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. మరణాలు తగ్గినంత వేగంగా పిల్లలు ఇళ్లకు చేరరు. తల్లి చికిత్స ముగించాలి, ఇల్లు దొరకాలి, ఉద్యోగం దొరకాలి, కోర్టు ఒప్పుకోవాలి. ముందస్తు హెచ్చరిక కావాలంటే అంబులెన్స్ డేటా చూడండి. ఫోస్టర్ కేర్ డేటా జరిగిపోయినదాని బరువు ఎంతో చెబుతుంది.

జాతి గురించి కూడా ఒక మాట. నల్లజాతి పిల్లలు, అమెరికన్ ఇండియన్ పిల్లలు జనాభాలో తమ వాటా కన్నా ఎక్కువగా ఫోస్టర్ కేర్‌లో ఉంటారు. ఫిర్యాదు చేసే చోట, విచారణ చేసే చోట ఉన్న పక్షపాతం ఇందులో కొంత. అమెరికన్ ఇండియన్ పిల్లల్ని ఎంత విచ్చలవిడిగా తీసుకుపోయేవారంటే, దాన్ని ఆపడానికి 1978లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. ఈ రేటును డ్రగ్స్ సూచికగా గుడ్డిగా వాడితే ఆ పక్షపాతాన్ని మీరు డ్రగ్స్ అని పేరు మార్చి రాసినట్టవుతుంది.

గుంటూరు విషయానికి వద్దాం. మన దేశంలో జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 ప్రకారం ఫోస్టర్ కేర్ ఉంది, కేంద్రం 2016లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది, 2024లో సవరించింది. బాలల సంక్షేమ సమితి ఆదేశంతో పిల్లల్ని కుటుంబాల్లో ఉంచవచ్చు. కానీ ఆ దారిలో వెళ్లే పిల్లలు చాలా తక్కువ. తాగుడుకు బానిసైన తండ్రి ఉన్న ఇంట్లోంచి బిడ్డ ఎక్కడికి వెళ్తుందో మీకు నాకన్నా బాగా తెలుసు. అమ్మమ్మగారింటికి, మేనమామ ఇంటికి, లేదా హాస్టల్‌కి. ఏ కోర్టులోనూ నమోదు కాదు. అక్కడ ఫోస్టర్ కేర్ రేటు సున్నాకు దగ్గరగా ఉండటం దేన్నీ కొలవదు. ఆంధ్ర, తెలంగాణలకు వాడకం గురించి చూడాలంటే ఎయిమ్స్ నిపుణులు చేసిన జాతీయ సర్వే ఉంది, 2019లో విడుదలైంది. 10 నుంచి 75 ఏళ్ల మధ్యవారిలో 14.6 శాతం మంది మద్యం తాగుతున్నారని అందులో తేలింది. రాష్ట్రాలవారీ అంచనాలు ఉన్నాయి. పిల్లల వైపు నుంచి చూడాలంటే బడి మానేసినవాళ్లు, రెసిడెన్షియల్ స్కూళ్లలో సెలవులకు కూడా ఇంటికి వెళ్లనివాళ్లు ఎందరో ఫీల్డులో తిరిగి లెక్కపెట్టడం తప్ప నాకు వేరే దారి కనిపించదు.

చివరిగా, మీ డేటా షీట్‌లో ఆ కాలమ్ పేరు "యూత్ డ్రగ్ రిస్క్" అని పెట్టుకున్నానన్నారు. దయచేసి అది మార్చండి. అమెరికాలో ఒక సర్వే అంచనా ప్రకారం 17 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లల్లో 87 లక్షల మంది, అంటే ఎనిమిది మందిలో ఒకరు, మద్యం లేదా డ్రగ్స్ సమస్య ఉన్న తల్లి గానీ తండ్రి గానీ ఉన్న ఇంట్లో పెరిగేవారు (2009–2014 సగటు). ఆ కాలంలో ఫోస్టర్ కేర్‌లో అన్ని కారణాలూ కలిపి ఉన్నది సుమారు నాలుగు లక్షల మంది. అంటే ఆ పిల్లల్లో అత్యధికులు మీ కాలమ్‌లో అసలు లేరు. ఉన్నవాళ్లకు మీరు పెట్టిన పేరు అంటుకుంటుంది.

అది ఎలా అంటుకుంటుందో చూశాను. ఒక స్కూల్లో డ్రగ్స్ నివారణ క్లాసుకు ఎవరిని పిలవాలో తేల్చడానికి ఫోస్టర్ కేర్ పిల్లల జాబితా తీశారు. సదుద్దేశంతోనే. సూచికల పట్టికలో ఆ రేటు "రిస్క్" కింద ఉంది, ఆ పట్టిక తయారుచేసినవాళ్లలో నేనూ ఉన్నాను. పదమూడేళ్ల అమ్మాయి ఒకతె ఆ క్లాసు నుంచి బయటికి వచ్చి, తనను తెచ్చి పెట్టుకున్న కుటుంబంలోని తల్లిని "మా అమ్మ చేసిన పని నేను కూడా చేస్తానని వీళ్లు అనుకుంటున్నారా?" అని అడిగిందట. ఆ తల్లి నాకు ఫోన్ చేసి చెప్పింది. ఆ ఏడాది నుంచి మా పట్టికలో ఆ కాలమ్ పేరు "కుటుంబం నుంచి పిల్లల తొలగింపులు". కింద చిన్న అక్షరాల్లో, ఇది కౌంటీలో సేవల అవసరాన్ని అంచనా వేయడానికి మాత్రమే, ఏ ఒక్క బిడ్డ గురించీ నిర్ణయానికి వాడకూడదు అని ఉంటుంది. మీరూ అలాగే రాసుకోండి. షీట్ సరిచేశాక మళ్లీ ఇక్కడ పెడితే, మూడేళ్ల సగటు లెక్కలు నేను ఒకసారి చూస్తాను.